హోనియారాకు వెళ్ళని పద్నాలుగు పెట్టెలు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో "ఎండ దంచింది. సరుకు ఆగిపోయింది" అని మాత్రమే రాసుకున్నాను. ఆ సరుకును ఆపింది నేనేనని మా గోదాములో అందరికీ తెలుసు. అందుకు చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. ఆపడానికి గంటన్నర ముందే, మొదటి పెట్టె మూస్తున్నప్పుడే, తప్పు జరుగుతోందని నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ నా విషయంలో జరిగింది అదే. పదకొండేళ్ళు శంషాబాద్ విమానాశ్రయం పక్కన, మందులను చల్లగా ఉంచి విదేశాలకు పంపే ఒక చిన్న సంస్థలో పనిచేశాను. రోజుకు ఇరవైసార్లు చలిగదిలోకి వెళ్ళి రావడం వల్ల ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇక ఆ గది గడప తొక్కొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఈ పనిలో చలిగది గడప తొక్కకుండా చేసే ఉద్యోగం ఉండొచ్చు గానీ, నాకది చేతకాదు. కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మా పాత మేనేజరు అడిగారు. ఆయన అడిగింది బహుశా ఇది కాదు.

పని అంటే ఏమిటి

చేరిన రోజు మీకు ఒక లావుపాటి ఫైలు ఇస్తారు. చదవండి. కానీ పని అందులో లేదు. పని ఐసు ప్యాకులో ఉంది.

మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మందపాటి పెట్టెలో మందు సీసాలు పెట్టి, చుట్టూ గడ్డకట్టిన నీళ్ళ ప్యాకులు పేర్చి మూస్తాం. సరిగ్గా పేరిస్తే ఆ పెట్టె ఐదు రోజులు చల్లగా ఉంటుంది. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనకు ఎండ అంటే భయం. మే నెలలో ఒక్క పెట్టె ఎండలో పది నిమిషాలు ఉంటే ప్రాణం పోయినట్టు పరుగులు పెడతాం. చలి కూడా మందును చంపుతుందని మాత్రం మన తలకెక్కదు. ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకును అలాగే పెట్టెలో పెడితే పక్కనున్న సీసా గడ్డకడుతుంది. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. కరిగాక చూస్తే మామూలుగానే ఉంటుంది. సూదిలోకి ఎక్కుతుంది, ఒంట్లోకి పోతుంది, చేయాల్సిన పని మాత్రం చేయదు.

అందుకని ప్యాకులను ఫ్రీజర్లోంచి తీసి బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా ఆగాలి. పైన తెల్లటి మంచు పోయి నీటి చుక్కలు రావాలి. ఆ తర్వాత ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపాలి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపిస్తే ప్యాకు తయారైనట్టు. వినిపించకపోతే ఇంకా ఆగాలి.

ఇది నాకు నేర్పింది యాదయ్యన్న. విమానాశ్రయం పక్కనే ఉన్న సాతంరాయి ఊరి మనిషి. పెట్టెలు కట్టే నలుగురికీ పెద్ద. నేను చేరిన మొదటివారంలోనే ఒక ప్యాకు తెచ్చి నా చెవికి ఆనించాడు.

"ఏమినబడ్తుంది?"

"ఏమీ లేదన్నా."

"ఏం లేదంటే రాయి అన్నట్టు. రాయిని మందు పక్కన పండబెడ్తమా? జర ఆగాలె. నీ లెక్కనే, దీనికి గూడ నోరు రానీకె టైం వడ్తది."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నేను మాట్లాడనని అక్కడ అందరికీ తెలుసు. మా ఇంట్లోనూ అంతే. తెనాలి నుంచి వచ్చి ఆరాంఘర్‌లో స్థిరపడ్డ మా కుటుంబంలో అందరూ గట్టిగా మాట్లాడతారు. నేను మాత్రం ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని, మేడ మీద గదిలో కూర్చునేదాన్ని.

ఎల్సీ ఊరు

మా సరుకు ఎక్కువగా ఆఫ్రికా దేశాలకు పోయేది. పసిఫిక్ సముద్రంలో ఉన్న హోనియారా అనే ఊరికి ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే వెళ్ళేది. సింగపూర్ మీదుగా బ్రిస్బేన్‌కు, అక్కడి నుంచి హోనియారాకు. అక్కడ మందులు తెప్పించుకునే గోదాములో సరుకు దించుకునే మనిషి పేరు ఎల్సీ. యాభై దాటిన ఆవిడ. ఒకసారి కాగితాలు ఎక్కడో ఇరుక్కుంటే ఇద్దరం మూడు రోజులు ఫోనులో సందేశాలు పంపుకున్నాం. రాయడంలో నాకు బెరుకు లేదు. అలా స్నేహం కుదిరింది.

ఆవిడ చెప్పింది కొంత, ఆబిడ్స్‌లో దొరికిన ఒక పాత యుద్ధచరిత్ర పుస్తకంలో చదివింది కొంత, కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీరు పంపే పెట్టె ఎక్కడికి పోతోందో తెలుసుకోవడం ఈ ఉద్యోగంలో ఎవరూ చెప్పని సగం పని.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు అక్కడ పట్నమే లేదు. గ్వాడల్‌కనాల్ అనే దీవి ఒడ్డున కొబ్బరితోటలు, చిన్న పల్లెలు ఉండేవి. జపాన్ సైన్యం వచ్చి అక్కడ ఒక విమానాల మైదానం కట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేలోపే అమెరికా సైన్యం దిగి దాన్ని లాక్కుంది. ఆ ఒక్క మైదానం కోసం ఆరు నెలలు యుద్ధం జరిగింది. మైదానం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ఓడలకు ఆకాశంలో కాపలా ఉంటుంది. రెండో పక్షానికి తిండి, మందులు దించుకునే దారి మూసుకుపోతుంది. జపాన్ సైనికులు తుపాకులకంటే ఆకలికి, జ్వరాలకు ఎక్కువమంది పోయారు. దాన్ని వాళ్ళు ఆకలిదీవి అన్నారట. ఆ పేజీ చదివిన మర్నాడు గోదాముకు వెళ్ళి పెట్టెలను చూస్తే అవి నాకు వేరేగా కనిపించాయి.

యుద్ధం ఉత్తర దిక్కుకు కదిలాక ఆ ఒడ్డు వెనకనుండి సరుకు అందించే స్థావరమయింది. రేవు కట్టలు, గోదాములు, ఆసుపత్రులు, రోడ్లు, ఇనుపరేకుల గుండ్రటి గుడిసెలు వచ్చాయి. సైన్యం వెళ్ళిపోయింది, అవి మిగిలాయి. ఆ దీవుల పాత రాజధాని యుద్ధంలో పాడయిపోతే, అప్పట్లో వాటిని ఏలుతున్న బ్రిటిష్‌వాళ్ళు కొత్తగా కట్టే ఓపిక లేక ఈ రోడ్లూ గుడిసెలూ ఉన్నచోటికే వచ్చి కూర్చున్నారు. ఊరు అలా పెరిగింది. ఇప్పుడు ఆ దేశానికి అదే రాజధాని, అదే పెద్ద రేవు. మన పెట్టెలు దిగేది కూడా యుద్ధం జరిగిన ఆ మైదానంలోనే.

ఇది ఒకరోజు టీ దగ్గర యాదయ్యన్నకు చెప్పాను. ఆయనతో మాత్రం నాలుగు మాటలు వచ్చేవి. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"మరి ఆ తోటలు ఎవలియి?"

"అక్కడివాళ్ళవేనేమో అన్నా. కొన్ని తెల్ల కంపెనీలవి."

"ఎవలన్న అడిగిన్రా ఆళ్ళని?"

"తెలియదు."

"అడిగి ఉండరు తీయ్," అని గ్లాసు కడిగి పెట్టాడు. ఆయన జొన్నచేను ఉన్నచోట ఇప్పుడు విమానాలు ఆగుతాయి. దాని గురించి ఆయన నాకు చెప్పింది అంతే. నేను మళ్ళీ అడగలేదు.

ఎల్సీ తాత యుద్ధంలో అమెరికన్లకు మూటలు మోశాడట. "ఏ పెట్టెలో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు," అని రాసింది. "ఒకసారి అడిగితే, మోయి చాలు అన్నారట. అందుకే నేను ప్రతి పెట్టె తెరిచి చూస్తాను."

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఆ నేలలో ఇప్పటికీ పేలని బాంబులున్నాయి. ఇల్లు కట్టాలంటే ముందు నేలను వెతికించాలి. పెరట్లో వంటకు పొయ్యి రాజేస్తే కింద ఉన్నది వేడెక్కి పేలి మనుషులు పోయారు. "పైన గడ్డి పచ్చగానే ఉంటుంది," అని రాసింది. "అనుమానం వచ్చిన చోట మంట వేయకూడదు. ఎవరు నవ్వినా సరే, గట్టిగా అరిచి ఆపాలి. మా పిల్లలకు మొదట నేర్పేది ఇదే."

ఆ శుక్రవారం

రెండేళ్ళ కిందటి మే నెల. ఎల్సీకి పద్నాలుగు పెట్టెల ఇన్సులిన్ వెళ్ళాలి. అంతకుముందు ఓడలో రావాల్సిన సరుకు ఆలస్యమై, ఆవిడ దగ్గర ఆదివారం దాకా సరిపడే నిలవే ఉంది. మా శుక్రవారం విమానం ఆదివారానికి అందిస్తుంది. అది తప్పితే మళ్ళీ కలిసే విమానం మంగళవారమే, సరుకు చేరేది గురువారమే.

సరుకు కార్గో టెర్మినల్‌లో నాలుగింటికల్లా అప్పజెప్పాలి. మంఖాల్ రోడ్డు మీదున్న మా గోదాము నుంచి అరగంట. ఫ్యాక్టరీ నుంచి మందు పదింటికి వస్తుందన్నారు. యాదయ్యన్న తొమ్మిదిన్నరకే ప్యాకులు తీసి బల్ల మీద పరిచాడు. పది దాటింది, పదకొండు దాటింది, లారీ రాలేదు. అప్పుడు మేనేజరు శ్రీధర్ సార్ వచ్చారు.

శ్రీధర్ సార్ మంచి మనిషి. అది ముందే చెప్పాలి. అంతకుముందు ఎండాకాలం ఒక సరుకు వేడెక్కి వెనక్కి వచ్చింది. ఆ దెబ్బ ఆయనను వదల్లేదు. బల్ల మీద ప్యాకులు చూసి ఆయన ముఖం మారిపోయింది.

"యాదయ్యా, ఏంటయ్యా ఇది? మే నెలలో ఐసు తీసుకొచ్చి బయట ఆరబెడతారా ఎవరైనా?"

"చెమట వట్టాలె గద సార్."

"లారీ ఎప్పుడొస్తుందో తెలీదు. అప్పటికి ఇవన్నీ నీళ్ళయిపోతాయి. లోపల పెట్టించు. ఇరవై ఏళ్ళ నుంచి పెట్టెలు కడుతున్నానంటావు, ఆ మాత్రం తెలియదా?"

నలుగురూ చూస్తున్నారు. యాదయ్యన్న "గట్లనే సార్," అని ట్రాలీ తోసుకుంటూ ప్యాకులు మళ్ళీ ఫ్రీజర్లో పెట్టించాడు.

లారీ పన్నెండూ నలభైకి వచ్చింది. ఒంటిగంటకు కట్టడం మొదలైంది. ప్యాకులు ఫ్రీజర్లోంచి నేరుగా పెట్టెల్లోకి వెళ్తున్నాయి. "పెట్టెకు ఇంకో రెండు ఎక్కువ వేయండి, ఈ ఎండకు ఏదీ చాలదు," అని సార్ ఫోను చెవిన పెట్టుకునే చెబుతున్నారు.

ప్రతి పెట్టెలో ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం పెట్టి మూయించడం నా పని. అంటే ప్రతి పెట్టెలోకి ఆఖరుగా చూసేది నేనే. మొదటి పెట్టెలో పరికరం పెడుతూ పక్కనున్న ప్యాకు తాకాను. వేలు అంటుకుపోయింది. తెల్లటి మంచు. చున్నీ సర్దుకుంటున్నట్టు ఆ ప్యాకును చెవి దగ్గరకు తెచ్చి ఊపాను.

చప్పుడు లేదు.

అప్పుడు ఒంటిగంటా పది. అరగంట ఆగితే చాలు. ఆ ఎండకు అరగంటలో చెమట పట్టేస్తుంది. మూడింటికి బయల్దేరినా అందుతాం. ఈ లెక్కంతా నా తలలో స్పష్టంగా ఉంది. యాదయ్యన్న వైపు చూశాను. ఆయన బల్ల అవతల తల వంచుకుని టేపు చుడుతున్నాడు. సార్ వైపు చూశాను. నోరు తెరిచాను కూడా.

"వసుధా, పెట్టావా అమ్మా? త్వరగా, త్వరగా."

"పెట్టాను సార్."

ఆ రెండు మాటలు వచ్చాయి. చెప్పాల్సినవి రాలేదు. పొద్దున యాదయ్యన్నంతటి వాడినే అలా అన్నారు, నన్నేమంటారో అనుకున్నాను. సార్‌కు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. ఫ్రీజరు అంత చల్లగా లేదేమో అనుకున్నాను. రెండో పెట్టె వచ్చింది. మూడోది వచ్చింది. ఒక్కో పెట్టె మూసినకొద్దీ చెప్పడం కష్టమవుతుంది. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా దాంతోపాటు పెరుగుతుంది గనక. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. మొదటి పెట్టె దగ్గర సిగ్గు ఒక్కటే అడ్డు. ఐదో పెట్టె దగ్గరికి వచ్చేసరికి సిగ్గుకు తప్పు కూడా తోడవుతుంది.

రెండున్నరకు పద్నాలుగు పెట్టెలూ బండి ఎక్కాయి. సీలు వేసేముందు పరికరాల లెక్క ఫోనులో చూసి రాయాలి. పెట్టె తెరవకుండానే కనిపిస్తుంది. మొదటి పెట్టె ఒకటి పాయింట్ ఒకటి. ఉండాల్సింది రెండుకు పైన. రెండోసారి చూశాను. సున్నా పాయింట్ ఆరు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఏందక్కా, పోవాల్నా, వద్దా? రోడ్డు మీద లారీలు జామైతున్నయ్."

సార్ కాగితం మీద సంతకం పెడుతున్నారు. ఇవి ఇలాగే వెళ్తే ఆదివారం సాయంత్రం ఎల్సీ ఒక్కొక్క పెట్టె తెరుస్తుంది. సీసాలు శుభ్రంగా ఉంటాయి. అవి క్లినిక్కులకు పోతాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.

"సార్, ఆపండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సార్ తలెత్తారు.

"ఏంటమ్మా?"

"ప్యాకులకు చెమట పట్టలేదు సార్. మందు గడ్డకడుతోంది. పంపొద్దు."

"పరికరం తప్పు చూపిస్తుందేమో. విమానం పోతుంది వసుధా, నీకర్థమవుతోందా? నాలుగు రోజులు!"

"తెరిచి చూడండి సార్."

తెరిచారు. పెట్టె గోడ పక్కన ఉన్న సీసాను సార్ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. లోపల సన్నటి ఐసు సూదులు మెరుస్తున్నాయి. సార్ పక్కనున్న, సరుకు పేర్చే చెక్క మీద కూలబడ్డారు. కాసేపటికి లేచి ఫ్యాక్టరీకి తానే ఫోను చేశారు. "తప్పు మా దగ్గర జరిగింది. నేనే తొందరపెట్టాను," అన్నారు. ఈ పదకొండేళ్ళలో ఆ మాట అన్న పై అధికారి ఆయనొక్కరే. అందుకే ముందే చెప్పాను, మంచి మనిషి అని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా తప్పు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు.

పద్నాలుగు పెట్టెల మందూ పారేయాలని ఫ్యాక్టరీ చెప్పింది. బదులు మందు సోమవారం ఇస్తామంది.

నాలుగు రోజులు

ఎల్సీకి ఫోను చేయాల్సింది సార్. నేనే చేస్తానన్నాను. ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. వెనక ఓడ కూత వినిపించింది. చెప్పాను.

"యుద్ధంలో మా అమ్మమ్మ ఆరు నెలలు కొండల్లో దాక్కుంది," అంది. "నాలుగు రోజులు నేను చూసుకుంటాను. గడ్డకట్టింది పంపకుండా ఆపింది ఎవరు?"

"నేనే."

"మంచి పని చేశావు."

ఆ నాలుగు రోజులూ ఆవిడ బస్సుల్లో తిరిగి, ఒక్కో క్లినిక్కులో మిగిలిన సీసాలు పోగుచేసింది. ఎదుటి దీవికి పడవ పంపి కొన్ని తెప్పించింది. పిల్లలకు ముందు ఇచ్చింది. పెద్దవాళ్ళను మోతాదు తగ్గించి సర్దుకోమని డాక్టర్లు చెప్పారు. నేను ప్రతి మూడు గంటలకూ ఫోను చూసుకున్నాను. తిండి సయించలేదు. అమ్మ దిష్టి తీసింది.

మంగళవారం కొత్త పెట్టెలు కట్టాం. ఆ రోజు ప్రతి ప్యాకునూ యాదయ్యన్న ఊపాడు, నేనూ ఊపాను, సార్ కూడా చొక్కా చేతులు మడిచి ఊపారు. గురువారం ఎల్సీ నుంచి ఫొటో వచ్చింది. తెరిచిన పెట్టె, నాలుగు డిగ్రీలు. అందరం కేకలు పెట్టాం.

రెండు వారాల తర్వాత ఏదో వేరే సంగతి రాస్తూ ఎల్సీ ఒక వాక్యం రాసింది. బజారులో చేపలమ్మే షుగరున్న ఒకావిడకు అప్పటికే కాలికి పుండు ఉందట. ఆ నాలుగు రోజుల్లో అది ముదిరిందట. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసింది గానీ రెండు వేళ్ళు తీసేశారట. "అయినా బతికింది, మళ్ళీ బజారులో కూర్చుని అందరినీ తిడుతోంది," అని రాసింది. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. తప్పుపట్టడానికి కారణం ఉందని ఆవిడకు తెలియదు.

ఆ నెలలోనే ఫ్యాక్టరీ నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. సార్ అందరినీ పిలిచి చదివి వినిపించారు. చప్పట్లు కొట్టారు. మైసూర్‌పాక్ పంచారు. నేను తల వంచుకుని నిలబడితే సిగ్గనుకున్నారు.

పిల్లలకు చెప్పాల్సింది ఇంతే. గడ్డకట్టిన మందు పంపకుండా ఆపడం గొప్ప కాదు. ఆ సరుకు ఆగాల్సిన అవసరమే లేదు. అరగంట ఆలస్యమైతే సరిపోయేది. మీ గొంతు చిన్నదైతే చిన్నగానే చెప్పండి. కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. నాకు రాయడం వచ్చు. ఆ రోజు నా జేబులో పెన్ను ఉంది.

ఆఖరి రోజు

పోయిన నెల నా ఆఖరి రోజు. సాయంత్రం బ్యాగు సర్దుకుని చలిగది బయట నిలబడ్డాను. లోపలికి పోకూడదు గనక యాదయ్యన్నే బయటికి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ గోడకు ఆనుకున్నాడు.

"ఇగ పోతున్నవన్నట్టు."

"అవునన్నా."

"దవాఖానకు సక్కగ పో. పరేషాన్ గాకు. పుస్తకాలు సదువుకో."

సరేనన్నాను. అప్పుడైనా ఆయనకు చెబుదామనిపించింది. ఈ గోదాములో చెప్పదగ్గ మనిషి ఆయనొక్కడే.

"అన్నా, ఆ హోనియారా పెట్టెలు..." అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. రన్‌వే వైపు, తన జొన్నచేను ఉన్న దిక్కు చూస్తూ నిలబడ్డాడు.

"మొదటి డబ్బ కాడ ప్యాకు చెవికి వెట్టుకున్నవ్," అన్నాడు. "నేను సూసిన. నా చేతుల ఉన్నది గూడ రాయే, నాకూ ఎరుకే. పొద్దుగాల సార్ అన్న మాట కడుపుల వెట్టుకొని, నువ్వు జెప్తవ్ తీయ్ అని ఊకున్న, బిడ్డా."